ఉత్తరభాగము పూర్వభాగమును మించినదా?
(పబ్జీ, బీజీఎంఐ ఆటలపై ఒక విమర్శ)

కావ్యమునకు విమర్శ ఉన్నది. నాటకమునకు విమర్శ ఉన్నది. చలనచిత్రమునకైతే విడుదలయిన నాటి సాయంకాలమునకే విమర్శ సిద్ధమగుచున్నది. కాని మన విద్యార్థులు గంటల తరబడి తలవంచి చూచుచున్న ఒక వస్తువునకు మాత్రము విమర్శ లేదు. నింద మాత్రమే ఉన్నది. అది ఫోనులో పలువురు కలసి ఆడెడి తుపాకుల ఆట. దానిని ఆడువారు దానిని గూర్చి వ్రాయరు, వ్రాయగలవారు దానిని ఆడరు. ఆడనివాని తిట్టు ఆడువాని చెవికెక్కదు. ఎం.ఏ. ముగించి ఉద్యోగమునకై తిరుగుచున్న దినములలో నేను పూర్వరూపమును ఆడితిని. ఇప్పుడు ఉత్తరరూపమును సెలవు దినములలో ఆడుచున్నాను. కావున ఈ రెంటిని పక్కపక్కన నిలిపి చూచు సాహసము చేయుచున్నాను. సహాధ్యాపకులు కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు.

పూర్వభాగమనగా 2018లో వచ్చిన పబ్జీ మొబైల్. ఉత్తరభాగమనగా 2021లో వచ్చిన బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, వాడుకలో బీజీఎంఐ. ఇది ఉత్తరభాగమే కాదు, పేరు మార్చుకొన్న పాత ఆటయే అని వాదించువారు మన తరగతులలోనే ఉన్నారు. వారి వాదములో ఎంత నిజమున్నదో తేల్చుటయే ఇచ్చట నా పని.

ముందుగా మూలమును చూతము. ఐర్లండు దేశస్థుడైన బ్రెండన్ గ్రీన్ ‘ప్లేయర్‌అన్‌నోన్’ అను మారుపేరుతో ఇతరుల ఆటలకు మార్పులు చేయుచు ఈ పద్ధతిని దిద్దెను. ‘బాటిల్ రాయల్’ అను జపాను చలనచిత్రము (2000) అతనికి ప్రేరణ. దక్షిణ కొరియాలోని బ్లూహోల్ సంస్థ అతనిని చేరదీసి 2017 మార్చిలో తొలిరూపమును, డిసెంబరులో పూర్తిరూపమును కంప్యూటరు ఆటగా వెలువరించెను. దానికి శక్తిగల కంప్యూటరు కావలెను, అప్పుడు వెల పెట్టి కొనవలసియుండెను. మన చెన్నూరు కుర్రవానికి ఆ రెండును అందనివే. 2018 మార్చిలో చైనాకు చెందిన టెన్‌సెంట్ సంస్థ దానిని ఫోనులోనికి తెచ్చి ఉచితముగ పంచినది. అంతకు ఏడాదిన్నర ముందు, 2016 సెప్టెంబరులో, జియో వచ్చి డేటా వెలను నేలకు దింపియుండెను. ఈ రెండును కలియుటయే పబ్జీ మన ఊళ్లలోనికి వచ్చిన దారి. యువకుల నైతిక పతనము, పాశ్చాత్య వ్యామోహము అని సభలలో చెప్పెడి కారణములకంటె ఈ కారణము చిన్నది, కాని సరియైనది.

ఆట తెలియనివారికై నాలుగు మాటలు. నూర్గురు ఒక విమానములో బయలుదేరుదురు. క్రింద ఒక దీవి. ఎవరికి నచ్చినచోట వారు పారాచ్యూట్‌తో దిగుదురు. దిగునప్పుడు చేతిలో ఏమియు ఉండదు. ఇండ్లలో వెదకికొని శిరస్త్రాణము, కవచము, తుపాకి, మందుకట్లు సమకూర్చుకొనవలెను. ఇంతలో దీవి చుట్టును నీలి వలయమొకటి దగ్గరకు ముడుచుకొని వచ్చును. దాని వెలుపల చిక్కినవాని ప్రాణము కొద్దికొద్దిగ కరగును. కావున దాగియుండుటకు వీలులేదు, పరుగెత్తుటయు క్షేమము కాదు. చివరకు మిగిలినవాడు, లేక మిగిలిన జట్టు, విజేత. అప్పుడు తెరపై ‘చికెన్ డిన్నర్’ అని కనబడును. మన కుర్రవాండ్రు ఆ మాటను ఎంత సహజము చేసికొన్నారనగా, పరీక్ష గట్టెక్కినవాడు కూడ చికెన్ డిన్నర్ కొట్టితిననియే చెప్పుచున్నాడు.

ఈ ఆటయొక్క అసలు గుణము తుపాకిలో లేదు. చెవిలో ఉన్నది. పై అంతస్తులో చెక్కమీద అడుగు పడిన చప్పుడు, దూరమున ఆగిన జీపు, ఎడమనుండి వచ్చినదో కుడినుండి వచ్చినదో తెలియని ఒక గుండు—వీనిని వినుటలోనే ఆట అంతయు ఉన్నది. ఫోనులోనికి వచ్చినప్పుడు ఆ అడుగుల జాడను తెర మూలన గల చిన్నపటము మీద గుర్తులుగా చూపిరి. చెవి చేయవలసిన పనిని కంటికి అప్పగించిరి. నా దృష్టిలో కంప్యూటరునుండి ఫోనుకు జరిగిన మార్పులో ఇది పెద్ద నష్టము. క్రొత్తవారి ఆటలలో మనుష్యులకు బదులు యంత్రమే నడిపెడి బొమ్మలను నింపుట రెండవది. మొదటిదినముననే గెలిచితినని మురిసిపోవు బాలుడు సగము బొమ్మలనే కాల్చియుండును. అయినను ఒక్క గుణము చెడలేదు: నలుగురి జట్టు. జట్టులో ఒకడు కూలినచో వెంటనే చావడు, నేలమీద ప్రాకుచుండును. తక్కినవారిలో ఒకడు వచ్చి కొన్ని క్షణములు కదలక నిలిచి లేవనెత్తవలెను. ఆ కొన్ని క్షణములు లేవనెత్తువాని ప్రాణమును పందెములో ఉన్నట్లే. స్నేహితుని విడిచి పరుగెత్తుటకు ఆట ఒప్పును, కాని విడిచినవాడు తరువాత ఒంటరియై పడిపోవును. ఇంత చక్కని నియమమును చేసినవానిని నేను తిట్టలేను.

ఎరాంగెల్ అను ఆ దీవి 8 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. పాడుపడిన సైనిక స్థావరములు, గోధుమచేలు, పోచింకి అను పల్లె. ఖాజీపేట దారి చెప్పినంత సులభముగ మన విద్యార్థులు పోచింకి దారి చెప్పుదురు. మిరామార్ అను ఎడారి పటమును చూచినప్పుడు మాత్రము ఆ రాతిగుట్టలను, ఎండిన వంకలను వారు పరాయివిగా చూడలేదు. మనకు ఎండ క్రొత్తయా? వికెండి పటములోని మంచు మాత్రము ఎవరికిని తెలియదు.

ఇక ఉత్తరభాగము పుట్టిన తీరు. గ్రంథకర్తకు చెప్పవలసినది మిగిలియున్నందున ఉత్తరభాగము పుట్టుట లోకరీతి. ఇది అట్లు పుట్టలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది అమరులయిరి. ఆ మాసము 29న కేంద్రప్రభుత్వము 59 చైనా యాప్‌లను నిషేధించెను. సెప్టెంబరు 2న మరి 118 యాప్‌లను నిషేధించెను. వానిలో పబ్జీ మొబైల్ ఒకటి. సమాచార సాంకేతిక చట్టములోని 69ఏ సెక్షను ఆధారము. అక్టోబరు 30తో ఈ దేశమున ఆ ఆట పూర్తిగ ఆగిపోయెను. నడుమ 2021 జనవరి 26న ‘ఫౌజీ’ అను స్వదేశీ ఆట గల్వాన్ కథతో వచ్చినది. వచ్చిననాడు దానిలో పలువురు కలసి ఆడు వీలు లేదు, తుపాకియు లేదు. దేశభక్తికి లోటు లేదు, ఆటకు లోటు. ఆ సంవత్సరమే జూలై 2న, పబ్జీ హక్కులుగల కొరియా సంస్థ క్రాఫ్టన్, టెన్‌సెంట్‌ను ప్రక్కనుంచి తానే ప్రకాశకురాలై బీజీఎంఐని ఇండియాలో విడుదల చేసెను.

క్రొత్తదానిలో ఏమి మారినది? ఆటగాళ్ల వివరములను ఇండియాలోను, సింగపూరులోను భద్రపరచుదుమని సంస్థ చెప్పినది. ఎరుపు రక్తమునకు బదులు ఆకుపచ్చ చిమ్మునట్లు చేసినది. ‘కిల్’ అను మాటను తీసి ‘ఫినిష్’ అను మాటను పెట్టినది. ఇది నిజ ప్రపంచము కాదు, కల్పిత ప్రపంచము అని ఆటకు ముందు ఒక గొంతు హెచ్చరించును. 18 సంవత్సరములలోపు వారు దినమునకు 3 గంటలకు మించి ఆడరాదు, 7000 రూపాయలకు మించి వెచ్చింపరాదు. తల్లిదండ్రుల ఫోను సంఖ్యకు ఓటీపీ వచ్చును. పాత ఆటలో కూడబెట్టుకొన్న వేషములను, తుపాకి రంగులను క్రొత్తదానికి తరలించుకొనుటకు కొంతకాలము అవకాశమిచ్చినది. దీవి అదే, విమానమదే, వలయమదే, పోచింకి అదే.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. ప్రభుత్వము పాత ఆటను నిషేధించినది రక్తపు రంగును చూచి కాదు. దేశభద్రత, పౌరుల సమాచార భద్రత అని ఉత్తర్వులో చెప్పినది. రక్తమును, వ్యసనమును గూర్చి మొరపెట్టినది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు. 2019 మార్చిలో గుజరాతులోని రాజ్‌కోట్ నగరమున పోలీసులు పబ్జీ ఆడిన విద్యార్థులను నిర్బంధించువరకు ఆ మొర పోయినది. కావున క్రొత్త ఆట సమాచార భాండారమును చూపి ప్రభుత్వమునకు ఒక సమాధానమిచ్చినది, ఆకుపచ్చ రంగును చూపి తల్లిదండ్రులకు ఒక సమాధానమిచ్చినది. ఆడువానికి ఇచ్చిన సమాధానమేది? ఏదియు లేదు. ఆటగా చూచినచో ఉత్తరభాగము పూర్వభాగమును మించలేదు, దానికంటె తగ్గనులేదు. రంగు మారిన రక్తము రక్తము కాకుండ పోవునా? ఆకుపచ్చగ చిమ్మినంతమాత్రమున ఎదుటివాడు బ్రతుకుట లేదు. పైగా మొదటి దినము నవ్వు పుట్టించిన ఆ రంగు మూడవదినమునకు కంటికి ఆననే ఆనదు.

మెరుగుదల అనదగినది ఎట్లుండునో చదరంగమును చూచి నేర్చుకొనవచ్చును. మన చతురంగమే పారసీకులయొద్ద షత్రంజ్ అయి, అరబ్బుల వెంట ఐరోపాకు చేరినది. షత్రంజ్‌లో మంత్రి వాలుగా ఒక్క గడి మాత్రమే జరుగును; ముసలి వజీరు వలె రాజుప్రక్కన నిలిచియుండును. 15వ శతాబ్దపు చివరిభాగమున ఐరోపాలో ఆ పావునకు ఎటువైపునకైనను ఎంతదూరమైనను పోవు శక్తి నిచ్చిరి. ఆ ఒక్క మార్పుతో గంటలకొలది సాగెడి ఆటకు వేగము వచ్చినది, ఎత్తులు తారుమారైనవి. పావులకు దంతము వాడిరా, కొయ్య వాడిరా, ఎరుపు పూసిరా అని ఎవరును అడుగుట లేదు.

మన సాహిత్యమునకు వచ్చిన అంతే. ఎఱ్ఱన హరివంశము ఉండగనే నాచన సోమన ఉత్తరహరివంశము కూడ నిలిచినది. కథ క్రొత్తది కాదు. చెప్పిన నడక క్రొత్తది; అందుకే ఆయనను నవీనగుణసనాథుడనిరి. ఫోను ఆటను సోమనతో పోల్చుట అపచారమనువారు క్షమింతురుగాక. కొలతబద్ద ఒక్కటే అని చెప్పుటయే నా ఉద్దేశము.

ఈ ఆట నియమములను తాకుట అసాధ్యమందురా? తాకినవారున్నారు. చైనాలోనే 2019 మేలో పబ్జీ మొబైల్‌ను ఆపి, దాని స్థానమున ‘గేమ్ ఫర్ పీస్’ అను రూపమును పెట్టిరి. దానిలో గుండు తగిలినవాడు రక్తము కార్చడు. మోకరిల్లి, తన సామగ్రి పెట్టెను అక్కడ ఉంచి, చేయి ఊపి సెలవు తీసికొనును. ఇదియు పూతయే, మరికొంత మందముగ పూసినది. కాని 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పతకములకై ఆడించిన రూపము వేరు. అందు ఆటగాడు ఆటగానిని కాల్చడు. జట్లు పారాచ్యూట్‌తో దిగి, వాహనములను నడుపుచు, దారిలో నిలిపిన లక్ష్యములను కాల్చుచు పందెముగ పోవలెను. భయము పోయి పరుగు మిగిలినది. నేను దానిని మూలమునకంటె మేలని అనను, చప్పగానే ఉన్నది. అయినను అది నియమమును ముట్టుకొన్నది. ఉత్తరభాగమను పేరు దానికి చెల్లును.

క్రాఫ్టన్ సంస్థ తానై తలపెట్టిన ఉత్తరభాగము మరియొకటి ఉన్నది. ‘పబ్జీ న్యూ స్టేట్’ అని 2021 నవంబరులో వచ్చినది. కథాకాలము 2051. డ్రోన్‌లు, విద్యుత్ వాహనములు, తుపాకికి కోరిన మార్పులు, కూలిన శత్రువును తన జట్టులో చేర్చుకొను వీలు—వస్తుసంపదకు లోటు లేదు. చిత్రణ పాతదానికంటె మెరుగు. కాని మూల ఆటలోని రుచి లేమిలో ఉన్నది. వట్టి చేతులతో దిగినవానికి దొరికిన వేటపలక కూడ ఆయుధమే, అది లేనినాడు వంటింటి పెనమే దిక్కు. అన్నియు జేబులో ఉన్నవానికి గుండె ఎందుకు కొట్టుకొనును? మన విద్యార్థులలో దానిని విడువక ఆడినవారు నాకు కనబడలేదు. మధ్యరకపు ఫోనులు మన కడప ఎండలలో మామూలు ఆటకే పెనమువలె కాగుచున్నవి. ఈ అలంకారములు వానికి మోయరాని బరువయినవి.

బీజీఎంఐ కథ అంతటితో ముగియలేదు. 2022 జూలై 28న అదికూడ గూగుల్, ఆపిల్ దుకాణములనుండి తొలగింపబడెను. 2023 మేలో మూడు మాసముల పరీక్షకని అనుమతి లభించి, ఆ మాసము 29న మరల ఆరంభమయ్యెను. ఈసారి 18 లోపువారికి 3 గంటలు, తక్కిన అందరికి 6 గంటలు దినసరి హద్దు. రంగుకంటె, మాటకంటె ఆడువాని జీవితమును తాకిన మార్పు ఇదొక్కటే. దీనికి నేను నిండు మనసుతో మార్కులు వేయుదును. అయితే ఆ కాపలా ఎంత గట్టిది? ఇంటిలో ఒకే మంచి ఫోనున్నచోట తండ్రి ఓటీపీ ఎవరికి వచ్చును? ఆడుచున్నవాని చేతిలోనికే. వయస్సు ఎంతయని ఆట అడుగును, కుర్రవాడు తనకు నచ్చిన అంకె వేయును. ఇక ఆరు గంటలు అనునది హద్దా, ఆహ్వానమా? రాత్రి పదికి మొదలిడినవాడు నాలుగు గంటలకు చట్టబద్ధముగనే ఆపి, కడప బస్సులో నిలువుగనే నిద్రపోవుచున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనమును రోగముల పట్టికలో చేర్చినప్పుడు గంటలను లెక్కింపలేదు. అదుపు తప్పుట, ఆటయే సర్వస్వమగుట, హాని తెలిసియు మానలేకుండుట—వీనిని చూడుమన్నది. ఫోనులోని గడియారము వీనిలో దేనిని చూడగలదు?

డబ్బు విషయమున నా ఫిర్యాదు ఇంకను పెద్దది. రాయల్ పాస్, యూసీ, అదృష్టపు పెట్టెలు పూర్వభాగములోను ఉన్నవి, ఉత్తరభాగములోను ఉన్నవి. వానితో కొనునవి వేషములు, రంగులు; గెలుపు కాదు. పెట్టె తెరచినచో కోరినది రావచ్చును, రాకపోవచ్చును. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము డబ్బుపందెపు ఆటలను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు నిచ్చినది. పెట్టెలో అదృష్టమును కొనుట పందెమగునా కాదా అను విచారణ న్యాయశాస్త్రజ్ఞులది. నాకు అందినంతలో, మైనరు బాలునికి దినమునకు 7000 రూపాయల హద్దు అనునది హద్దుగ తోచుట లేదు. మన ప్రాంతమున కూలికిపోవు తండ్రి చేతికి 7000 రూపాయలు రావలెనన్న ఎన్ని దినములు ఎండలో నిలువవలెనో ఆ అంకెను నిర్ణయించినవారు లెక్కవేసినట్లు లేదు. దానిని ఒక మాసపు హద్దుగ, అందులోను నాలుగవ వంతుగ చేసియుండినచో, ఉత్తరభాగము మెరుగని నేను వెనుకాడక వ్రాసియుందును.

ఇక ఎవరును లెక్కలోనికి తీసికొనని నష్టమొకటి ఉన్నది. అది మన జిల్లావారికి అర్థమైనంతగ ఢిల్లీలోనివారికి, సియోల్‌లోనివారికి అర్థము కాదు. బ్రతుకుతెరువునకై మన కడప జిల్లానుండి కువైట్‌కు పోయినవారు ఎందరో. మన విద్యార్థులలో అన్నయో, మేనమామయో అచ్చట లేనివారు తక్కువ. పబ్జీ మొబైల్ ప్రపంచమంతటికి ఒక్కటే ఆట. కువైట్‌లో శుక్రవారము సెలవు. అక్కడికి, ఇక్కడికి రెండున్నర గంటల తేడా. మన రాత్రి పది వారికి ఏడున్నర. పనిచోట గదిలో మంచముమీద కూర్చున్న అన్న, చెన్నూరులో మిద్దెమీద కూర్చున్న తమ్ముడు, కడపలోని పినతండ్రి కొడుకు ఒకే విమానమునెక్కి పోచింకిలో దిగెడివారు. “భాయ్, ఎడమ ఇంటిలో ఉన్నాడు, వెళ్లకు” అని తమ్ముడు అరచెడివాడు. నడుమనడుమ అమ్మ మోకాలినొప్పి, చెల్లెలి పెండ్లిమాటలు, పంపిన డబ్బు చేరినదా లేదా అను ప్రశ్న. వీడియో కాల్‌లో ముఖములు చూచుకొని రెండు నిముషములలో మాటలు తడుముకొనెడివారికి, చేతికి పని దొరికినప్పుడు మాట తానే వచ్చెడిది. ఉర్దూ మాట్లాడువాని మాటకు ఆసియా సర్వరులో ఎక్కడెక్కడినుండియో బదులు వచ్చుట మరియొక వింత.

బీజీఎంఐ ఇండియాలోనివారికే చేసిన ఆట. దాని సర్వరులు వేరు, ఖాతాలు వేరు. కువైట్‌లోని ఫోనులో దొరకునది ప్రపంచరూపము. ఇచ్చట దొరకునది ఇండియారూపము. ఒకదానిలోనివాడు రెండవదానిలోనికి స్నేహితుని పిలువలేడు. భద్రతకై ఖాతాలను వేరుచేయుట న్యాయమే కావచ్చును, దానితో నాకు తగవు లేదు. కాని పాత వేషములను క్రొత్త ఆటలోనికి తరలించు దారిని వేసిన సంస్థకు, పాత జట్టులను తరలించు దారి తోచకపోయినది. అన్న ఫోనులోను, తమ్ముని ఫోనులోను అదే ఎరాంగెల్ ఉన్నది. ఎక్కు విమానములు మాత్రము వేరు. శుక్రవారము రాత్రి వారిప్పుడు వీడియో కాల్‌లో, ఎవరి ఆటను గూర్చి వారు చెప్పుకొనుచున్నారు.